తొమ్మిదో తరగతి ఇంగ్లీష్ రూల్స్ కాగితం మీద నేనింకా సంతకం పెట్టలేదు

కరస్పాండెంట్ గారికి, ప్రిన్సిపాల్ మేడమ్ గారికి, తొమ్మిదో తరగతి ఇంగ్లీష్ టీచర్ గారికి,

నమస్కారం. నేను మీ స్కూల్లో తొమ్మిదో తరగతి బి సెక్షన్ చదువుతున్న ఒక అబ్బాయి తల్లిని. విశాఖపట్నంలో గోపాలపట్నం వైపు ఉంటాం. స్కూల్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క మీ స్కూల్ సంగతి కాదు. గాజువాక నుంచి మధురవాడ దాకా నాకు తెలిసిన తల్లుల్లో ఎవరిని అడిగినా, అటూ ఇటూగా ఇలాంటి కాగితమే వాళ్ల పిల్లల డైరీలో కూడా అతికించి ఉంది. అందుకే మీ ఆఫీసు రూముకి వచ్చి చెప్పకుండా అందరూ చదివేలా రాస్తున్నాను. మీకు కోపం వస్తే క్షమించండి, కానీ చివరిదాకా చదవండి.

దసరా సెలవులు అయ్యాక స్కూల్ తెరిచిన రెండో రోజు మావాడు ఆ కాగితం తెచ్చాడు. "అమ్మా, సంతకం పెట్టు, రేపు ఇవ్వకపోతే క్లాసు బయట నిలబెడతారు" అన్నాడు. పైన తొమ్మిదో తరగతి ఇంగ్లీష్, ఎక్స్‌పెక్టేషన్స్ అండ్ పాలసీస్ అని ఉంది, దాని కింద 14 రూల్స్, అన్నిటికంటే కింద పేరెంట్ సిగ్నేచర్ అని ఒక గీత. మొత్తం ఇంగ్లీష్‌లోనే. నేను శ్రీకాకుళం జిల్లాలో తెలుగు మీడియంలో బీఏ చదివాను, పదకొండేళ్లుగా మెడికల్ షాపులో బిల్లింగ్ చేస్తున్నాను, మందు పేరు ఎంత గొలుసుకట్టు రాతలో ఉన్నా చదివేస్తాను. అయినా ఆ కాగితం పూర్తిగా అర్థం కావడానికి నాకు గంట పట్టింది. మా వీధి నుంచి మీ స్కూల్‌కి వచ్చే మిగతా పిల్లల ఇళ్లలో ఆటో నడిపేవాళ్లున్నారు, స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పనికి వెళ్లేవాళ్లున్నారు, టిఫిన్ బండి పెట్టుకున్న దంపతులున్నారు. వాళ్లంతా పిల్లాడు చూపించిన చోట సంతకం పెట్టేశారు. అందులో ఏముందని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. చదవలేని కాగితం మీద సంతకం తీసుకుని, రేపు ఏదైనా జరిగితే "మీరు ఒప్పుకున్నారు కదా" అంటే ఎలాగండీ? నా మొదటి విన్నపం ఇదే, ఆ కాగితం తెలుగులో కూడా ఇవ్వండి. ముందు పక్క ఇంగ్లీష్, వెనక పక్క తెలుగు ఉంటే చాలు, కాగితం ఖర్చు కూడా పెరగదు.

అందులో మంచి రూల్స్ లేవని నేననను. డిక్షనరీ రోజూ తెచ్చుకోవాలన్నారు, బాగుంది. ఫోన్ తేకూడదన్నారు, చాలా బాగుంది. పాఠం చెప్పేముందు ఇంటి దగ్గర ఒకసారి చదువుకుని రావాలన్నారు, అదీ నిజమే. కానీ 14 రూల్స్‌నీ వరసగా చదివితే, పిల్లాడు ఏం చేయకూడదో, చేస్తే ఏం తీసేస్తారో, ఎంత కట్టాలో, ఎవరిని పిలిపిస్తారో ఉంది తప్ప, ఈ సంవత్సరం అయ్యేసరికి వాడు తనంతట తాను ఒక పేజీ ఇంగ్లీష్ రాయగలగాలి అనే మాట ఎక్కడా లేదు. నేను వెతికాను, రెండుసార్లు వెతికాను. నాకు కావలసింది అదొక్కటే. మావాడు తన తలలో ఉన్న మాట తన వాక్యంలో రాయగలగాలి. తప్పులతో రాసినా పరవాలేదు, ముందు రాయనీయండి.

ఇప్పుడు సెలవు చీటీ సంగతి చెప్తాను. ఎనిమిదో రూల్ ప్రకారం ఆబ్సెంట్ అయితే పేరెంట్ ఇంగ్లీష్‌లో లీవ్ లెటర్ రాసి పంపాలి. ఆగస్టులో మా అత్తగారిని కేజీహెచ్ పెద్దాసుపత్రిలో చేర్చారు, నాకూ మా ఆయనకూ డ్యూటీలు, ఒక పూట మావాడే ఆవిడ పక్కన కూర్చున్నాడు. మందుల చీటీ పట్టుకుని వెళ్లాడు, స్కానింగ్ దగ్గర లైన్లో నిలబడ్డాడు, ఆవిడ గిన్నెలు కడిగాడు. మర్నాడు లీవ్ లెటర్ వాడే రాశాడు, నాకు చూపించాడు. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని మొదలుపెట్టాడు. నీకు జ్వరం ఎక్కడ వచ్చిందిరా అని అడిగితే, "అమ్మా, నాకు ఆ లెటరే వచ్చు" అన్నాడు. ఆ లెటర్ నేనూ నా తొమ్మిదో తరగతిలో బట్టీ పట్టాను, మా అన్నయ్యా పట్టాడు, ఇది చదివే వాళ్లలో చాలామందికి ఇప్పటికీ నోటికి వచ్చే ఉంటుంది. ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీష్ మీడియంలో చదివిన పిల్లాడికి, "మా మామ్మకి బాగోలేదు, నేను హాస్పిటల్లో ఆవిడ దగ్గర ఉన్నాను" అని రెండు వాక్యాలు రాయడం రాలేదు. రాకపోవడం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటుంది. నిజం రాయాలని వాడికి తోచనే లేదు. ఇంగ్లీష్ అంటే ముందే ఎవరో రాసిపెట్టిన మాటలు దించడమే అనుకుంటున్నాడు. ఆ రోజు మేమిద్దరం కూర్చుని ఆ లెటర్ మళ్లీ రాశాం. "మై గ్రాండ్ మదర్ ఈజ్ ఇన్ హాస్పిటల్. ఐ సాట్ విత్ హర్." అంతే. మర్నాడు ఫార్మాట్ తప్పు అని తిరిగి పంపారు. నేను షాపు నుంచి వచ్చేసరికి వాడు మళ్లీ జ్వరం లెటరే రాసి, నా సంతకం కోసం పెట్టుకుని కూర్చున్నాడు.

టీచర్ గారూ, ఇది మీ మీద కోపంతో రాయడం లేదు. మీరు ఆ లెటర్ ఏ టైంలో చూశారో, మీ టేబుల్ మీద ఇంకెన్ని ఉన్నాయో నేను ఊహించగలను. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు హుద్ హుద్ గురించి చెప్పాలి. అక్టోబర్‌లో తుపాను మీద వ్యాసం రాసి తెమ్మన్నారు. హుద్ హుద్ మన ఊరి మీదకి వచ్చింది 2014 అక్టోబర్ 12, ఆదివారం. అప్పటికి వీడికి మూడేళ్లు, ఏమీ గుర్తు లేదు. కాబట్టి మామ్మని అడిగాడు. ఆవిడ హాస్పిటల్ నుంచి వచ్చాక మంచం మీదే ఉంటున్నారు, మనవడు వచ్చి పక్కన కూర్చుని అడిగేసరికి ఎంత సంతోషపడ్డారో. "నానేటి చెప్పనురా బావూ, దూడ కోసం గేదె అరిచినట్టు అరిచిందిరా గాలి, రాత్రి కాదు పగలు కాదు, మన ఇంటి రేకు లేచి ఎక్కడికో పోయింది, పొద్దున్న చూస్తే వీధిలో ఒక్క చెట్టు లేదు" అని గంటసేపు చెప్పారు. కరెంటు లేని రోజులు, పాల ప్యాకెట్ల కోసం లైన్లు, మంచినీళ్ల ట్యాంకరు చుట్టూ బిందెలు, పచ్చగా ఉండే కైలాసగిరి కొండ చెట్లన్నీ విరిగి మోడుల్లా కనపడటం, అన్నీ. వీడు అది విని ఒకటిన్నర పేజీ రాశాడు. ఎవరి సాయం తీసుకోలేదు, నేను వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను, డిక్షనరీ తిరగేస్తూ రాశాడు. అందులో ఒక వాక్యం నాకు నోటికి వచ్చేసింది. "విండ్ షౌటెడ్ లైక్ బఫెలో సెర్చింగ్ ఫర్ హర్ బేబీ."

పదికి రెండు మార్కులు వచ్చాయి. పేజీ నిండా ఎర్ర గీతలు, చివర "ఇర్రెలవెంట్, రిఫర్ నోట్స్" అని ఉంది. నోట్స్‌లో ఉన్న వ్యాసం కూడా చదివాను. తుపాను ఒక ప్రకృతి వైపరీత్యం అని మొదలై, ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి అని ముగుస్తుంది, అందులో ఏ ఊరూ లేదు, ఏ మనిషీ లేడు. అది మక్కీకి మక్కీ దించిన పిల్లలకి తొమ్మిది మార్కులు వేశారు. మావాడు ఏమీ అనలేదు. ఆ తర్వాతి వారం స్నేహం మీద వ్యాసం వస్తే నోట్స్ చూసి దించేశాడు, ఎనిమిది వచ్చాయి, ఇంటికొచ్చి ఎనిమిదని చెప్పాడు, వాడి మొహంలో ఏ సంతోషమూ లేదు.

మా పక్క వాటాలో ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏ ఇంగ్లీష్ చదివే అమ్మాయి ఉంది. ఆ వ్యాసం తీసుకెళ్లి చూపించాను. ఆ అమ్మాయి పెన్సిల్‌తో లెక్కపెట్టి చెప్పింది, "ఆంటీ, ఇందులో తప్పులు చాలా ఉన్నట్టు కనపడతాయి కానీ రకాలు మూడే. పదకొండు చోట్ల ఏ (a), ద (the) అనే ఆర్టికల్స్ వదిలేశాడు. నాలుగైదు చోట్ల క్రియ కాలం తప్పింది. మామ్మ చెప్పిన మాటలు రాసేటప్పుడు తడబడ్డాడు. మూడూ తెలుగు పిల్లలందరూ చేసేవే" అంది. తర్వాత ఆ మూడూ ఎందుకు వస్తాయో నన్ను కూర్చోబెట్టి చెప్పింది, ఇన్నేళ్లలో నాకు ఎవరూ అలా చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను, మిగతా తల్లులకి కూడా పనికొస్తుంది.

తెలుగులో ఏ, ద లాంటి మాటలు లేవు. "గాలి వచ్చింది" అంటే ఏ గాలో, ఎవరికి తెలిసిన గాలో సందర్భాన్ని బట్టి మనకి తెలిసిపోతుంది. ఇంగ్లీష్‌లో అది ప్రతిసారీ విడిగా చెప్పాలి. లేని అలవాటు పిల్లాడికి ఒక్క ఏడాదిలో రాదు, చదవగా చదవగా చెవికి పడుతుంది. రెండోది, మనం "నేను రోజూ బీచ్‌కి వెళ్తాను" అన్నా "వెళ్తాను" అనే అంటాం, "రేపు బీచ్‌కి వెళ్తాను" అన్నా "వెళ్తాను" అనే అంటాం. ఇంగ్లీష్‌లో ఆ రెండూ వేరు వేరు. పిల్లాడు తికమక పడ్డాడంటే మొద్దు అని కాదు, వాడి భాషలో ఆ రెంటికీ ఒకటే మాట ఉంది. మూడోది, ఈ తొమ్మిదో తరగతిలో పిల్లలందర్నీ ఏడిపించే రిపోర్టెడ్ స్పీచ్. తెలుగులో ఒకరి మాట ఇంకొకరికి చెప్పాలంటే ఆ మాటని అలాగే ఉంచి చివర 'అని' తగిలిస్తాం. "రేపు వస్తాను అని చెప్పాడు." అయిపోయింది. ఇంగ్లీష్‌లో అదే చెప్పాలంటే నేను కాస్తా అతను అవ్వాలి, రేపు కాస్తా మర్నాడు అవ్వాలి, విల్ కాస్తా వుడ్ అవ్వాలి, ఎందుకంటే అక్కడ ఆ మాట మోసుకొచ్చి చెప్పేవాడి వైపు నుంచి మొత్తం మార్చి చెప్పాలి. ఈ ఒక్క సంగతి తెలుగులో రెండు నిమిషాలు చెప్తే పిల్లాడి బుర్రలో దీపం వెలుగుతుంది. ఆ అమ్మాయి చెప్పినప్పుడు మావాడు "ఓహ్, అందుకా!" అన్నాడు. జూన్ నుంచి అక్టోబర్ దాకా వాడు ఆ పాఠం మీద 60 వాక్యాలు మార్చి రాశాడు, ఎందుకు మారుస్తున్నాడో తెలియకుండానే.

అక్కడే మీ మూడో రూల్ అడ్డం వస్తోంది. ఇంగ్లీష్ పీరియడ్‌లో తెలుగు మాట వినపడితే 10 రూపాయలు ఫైన్, పేరు బోర్డు మీద. మూడుసార్లయితే పేరెంట్‌ని పిలిపించడం. ఎవరు తెలుగు మాట్లాడారో రాయడానికి ఒక లీడర్. దీనివల్ల పిల్లలు ఇంగ్లీష్ మాట్లాడుతున్నారని మీరు అనుకుంటున్నారేమో, నేను అయిదుగురు పిల్లల్ని అడిగాను, వాళ్లు అసలు మాట్లాడటమే మానేశారు. డౌట్ ఇంగ్లీష్‌లో అడగడం రాదు, తెలుగులో అడిగితే ఫైన్, కాబట్టి అడగరు. క్లాసు ఎంత ప్రశాంతంగా ఉందో అని ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు మెచ్చుకుని ఉండొచ్చు. ఆ పది రూపాయలు నాకు లెక్క కాదండీ. బోర్డు మీద పిల్లాడి పేరు పక్కన 'తెలుగు' అని ఒక తప్పు కింద రాయడం నాకు లెక్క. వాడి మామ్మ మాట్లాడే భాష అది, నేను వాడికి అన్నం పెడుతూ మాట్లాడే భాష. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదని మాత్రమే అనలేదు, మానసికంగా వేధించకూడదని కూడా అంది. ఆ చట్టం 14 ఏళ్ల దాకా, ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లల గురించి అని నాకు తెలుసు. కానీ ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఉన్నవి ఒక వేసవి సెలవులే కదా, మొన్న ఏప్రిల్‌లో బాధ కలిగించేది జూన్‌లో కలిగించకుండా పోతుందా?

పిల్లాడి చదువుకి వాడి ఇంటి భాష కావాలనే మాట మన ప్రాంతానికి కొత్త కాదని మీకు గుర్తు చేస్తున్నాను. గిడుగు రామమూర్తి గారు మన ఉత్తరాంధ్ర మనిషి. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, కొండల్లో ఉండే సవరల పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని ముందు తాను సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు తయారుచేసి, బడులు పెట్టించారు. పుస్తకాల తెలుగు వేరు, ఇంట్లో తెలుగు వేరు అయితే పిల్లాడికి చదువు ఎలా వస్తుందని ఆయన పోరాడినప్పుడు ఆయన పక్కన నిలబడినవాళ్లలో మన ఊరి ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ గారు ఒకరు, యేట్స్ అనే ఇంగ్లీష్ దొర ఇంకొకరు. ఆయన స్కూళ్ల ఇన్‌స్పెక్టర్, ఇంగ్లండ్ మనిషి, ఆయనకే అర్థమైంది. ఆగస్టు 29న గిడుగు వారి పుట్టినరోజుని మీ స్కూల్లో కూడా తెలుగు భాషా దినోత్సవంగా చేశారు, మావాడు పద్యం చదివాడు, ఫొటో గ్రూపులో పెట్టారు. ఆ తర్వాతి పీరియడ్ ఇంగ్లీష్.

తెలుగులోనే ఇంగ్లీష్ చెప్పమని నేను అడగడం లేదు. నాకు మా అబ్బాయికి ఇంగ్లీష్ బాగా రావాలని మీకంటే ఎక్కువ ఆశ ఉంది, షాపులో ఒక కంపెనీ మనిషి వచ్చి గబగబా ఇంగ్లీష్‌లో మాట్లాడితే నేను నవ్వి ఊరుకునే పరిస్థితి వాడికి రాకూడదు. కానీ కష్టమైన చోట రెండు నిమిషాలు తెలుగులో విప్పి చెప్పి మళ్లీ ఇంగ్లీష్‌లోకి వెళ్లండి. డౌట్ తెలుగులో అడిగితే, "సరే, ఇది ఇంగ్లీష్‌లో ఎలా అడగాలో చెప్తాను, నాతో పాటు అను" అనండి. ఫైన్ బదులు అది చేస్తే సంవత్సరం తిరిగేసరికి పిల్లాడికి వంద ప్రశ్నలు ఇంగ్లీష్‌లో అడగడం వస్తుంది.

లేట్ హోంవర్క్ రూల్ గురించి. ఒకరోజు ఆలస్యమైతే సగం మార్కులు, రెండు రోజులైతే సున్నా. క్రమశిక్షణ ఉండాలి, ఒప్పుకుంటాను, గడువు లేకపోతే మావాడు కూడా ఆదివారం దాకా లాగుతాడు. కానీ సున్నా పెట్టిన హోంవర్క్ ఇక ఎవరూ చేయరు, ఎందుకు చేస్తారు? టర్మ్‌కి మూడుసార్లు, ముందురోజే టీచర్‌కి చెప్పి రెండు రోజులు గడువు అడిగే వీలు ఇవ్వండి. అడిగేది పిల్లాడే అడగాలి, తల్లి ఫోన్ చేస్తే లెక్కలోకి రాదని పెట్టండి, నేను సంతోషిస్తాను. గడువు దాటినా చేసి తెచ్చినదాన్ని చూడండి, తక్కువ మార్కులే వేయండి, సున్నా మాత్రం వద్దు. మావాడి క్లాసులో ఒక అమ్మాయి సాయంత్రం తల్లితో పాటు పూర్ణా మార్కెట్ దగ్గర పూలు అమ్ముతుంది. ఆ అమ్మాయికి నెలలో నాలుగు సున్నాలు ఉన్నాయని మావాడు చెప్పాడు.

ఇప్పుడు నోటు పుస్తకాలు. ఒక సెక్షన్‌లో 45 మంది, ఆ టీచర్ గారికి నాలుగు సెక్షన్లు. మొత్తం 180 పుస్తకాలు. ఒక్కొక్కటి మూడు నిమిషాలు చూసినా 540 నిమిషాలు, అంటే తొమ్మిది గంటలు. ఒక్క వ్యాసానికి. పైగా ఆవిడకి రోజుకి ఆరు పీరియడ్లు, బస్ డ్యూటీ, అడ్మిషన్ల సీజన్‌లో ఇంటింటికీ తిరగడం. అందుకే ఆవిడ నోట్స్‌తో పోల్చి టిక్ పెడుతున్నారు, సొంతంగా రాసినదాన్ని చదివే టైం ఆవిడకి మీరు ఇవ్వలేదు కాబట్టి. కరస్పాండెంట్ గారూ, ఈ పేరా మీకే. మార్జిన్ ఎర్ర ఇంకుతో గీశారా, హెడ్డింగ్ కింద గీత ఉందా, ఇండెక్స్ నింపారా అని చూసే పని తీసేయండి. నెలకి ఒక్కటంటే ఒక్క వ్యాసం పిల్లలు సొంతంగా రాయాలి, దాన్ని టీచర్ నిజంగా చదవాలి, చదవడానికి వారానికి నాలుగు పీరియడ్లు ఖాళీ ఇవ్వాలి. అన్ని తప్పులకీ ఎర్ర గీతలు అక్కర్లేదు. ఈ నెల ఏ, ద మాత్రమే చూస్తాను, వచ్చే నెల క్రియల కాలం చూస్తాను అని ముందే చెప్తే టీచర్‌కీ పని తగ్గుతుంది, పిల్లాడికీ ఒక్కటి దిద్దుకోవడం తెలుస్తుంది. దిద్దుకుని మళ్లీ రాసిన కాపీకే మార్కులు వేయండి. మొదటిసారి తప్పు రాస్తే మార్కులు పోవని తెలిస్తేనే పిల్లాడు నోట్స్ మూసి పెన్ను పడతాడు.

పబ్లిక్ పరీక్ష ఉంది కదా, వచ్చే ఏడాది పదో తరగతి కదా అంటారు. నేను ఆ పేపర్లు కూడా చూశాను. పబ్లిక్‌లో ఇంగ్లీష్ 100 మార్కులకి, 35 వస్తే పాస్. పాఠాల్లోంచి కాకుండా బయట నుంచి ఇచ్చే పేరాలు ఉంటాయి, డైరీ రాయమంటారు, సంభాషణ రాయమంటారు, లెటర్ రాయమంటారు. దానికి బట్టీ పట్టిన నోట్స్ ఎంతవరకు ఆదుకుంటాయి? సొంతంగా వాక్యం కట్టడం వచ్చిన పిల్లాడికి మార్కులు ఎక్కడికీ పోవు. రాని పిల్లాడు, లెటర్‌లో జ్వరం కాకుండా ఇంకేదైనా అడిగితే పెన్ను పట్టుకుని కూర్చుంటాడు.

ఇంకో సంగతి, ఈ తొమ్మిదో తరగతి పిల్లలు ప్రత్యేకం. 2020 మార్చిలో స్కూళ్లు మూసినప్పుడు వీళ్లు మూడో తరగతి. నాలుగో తరగతి చాలావరకు ఫోన్‌లోనే గడిచింది, అది కూడా ఇంట్లో ఫోన్ ఉన్నవాళ్లకి. మావాడు నా ఫోన్‌లో క్లాసు వినాల్సిన టైంలో నేను షాపులో ఉండేదాన్ని, ఫోన్ నా దగ్గర ఉండేది. వాక్యం ఎలా మొదలవుతుంది, ఎక్కడ ఆపాలి అని చేయి పట్టి రాయించే వయసు అది. ఆ ఏడాది పోయింది, దాన్ని ఎవరూ మళ్లీ కూర్చోబెట్టి నేర్పలేదు, నేరుగా పై క్లాసుకి పంపేశాం, అందులో నా తప్పు కూడా ఉంది. ఈ పిల్లల దగ్గర "ఇది మీకు ఎప్పుడో వచ్చి ఉండాలి" అనకండి.

ప్రాజెక్టుల రూల్ కొట్టేయండి. నెలకో చార్ట్ అంటే డాబా గార్డెన్స్ వైపు స్టేషనరీ షాపుల్లో బొమ్మలు కొనడం, నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించడం, రాత్రి పదకొండుకి నేను జిగురు పూయడం. ప్రాజెక్టు కావాలంటే మన ఊరే ఉంది. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉంది, లోపలికి వెళ్లి చూసి అక్కడ పని చేసినవాళ్లు ఎలా పడుకునేవారో పది వాక్యాలు రాయమనండి. ఫిషింగ్ హార్బర్‌లో ఒక మత్స్యకారుడితో తెలుగులో మాట్లాడి, ఆయన చెప్పింది ఇంగ్లీష్‌లో రాయమనండి. రిపోర్టెడ్ స్పీచ్ అంతకంటే బాగా ఎక్కడ వస్తుంది? ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, క్లాసుని ఒక్కసారి తీసుకెళ్లండి, నెలకి ఒక చిన్న ఇంగ్లీష్ కథ పిల్లాడే ఎంచుకుని చదవాలని పెట్టండి, దానికి పరీక్ష పెట్టకండి.

చాట్ జీపీటీ వాడితే పేరెంట్‌ని పిలుస్తాం అని పన్నెండో రూల్. నాకు దాని మీద మీ అంత భయమే ఉంది. కానీ నోట్స్ దించితే తొమ్మిది మార్కులు, ఫోన్ చూసి దించితే శిక్ష అంటే పిల్లాడికి తేడా ఏం అర్థమవుతుంది? వ్యాసం మొదటి ప్రతి క్లాసులోనే, చేత్తో, నలభై నిమిషాల్లో రాయించండి. ఇంటికి తీసుకెళ్లి దిద్దుకుని రమ్మనండి. తెచ్చాక ఒక్కొక్కర్నీ ఒక ప్రశ్న అడగండి, ఈ మాట ఎందుకు రాశావు అని. సొంతంగా రాసినవాడు చెప్తాడు.

ఆ కాగితంలో ఒక్క రూల్ కొత్తగా చేర్చమని కూడా అడుగుతున్నాను. ఎవరైనా నిలబడి ఇంగ్లీష్ మాట్లాడుతుంటే నవ్వకూడదు. ఉచ్చారణకి నవ్వకూడదు, యాసకి అసలే నవ్వకూడదు. పిల్లలు మాత్రమే కాదు, టీచర్లు కూడా. మావాడు జూ అనే మాట ఎలా పలికాడో, ఇప్పటికీ వాడిని అలాగే పలికి ఏడిపిస్తూ పిలుస్తున్నారు.

మీరు చేయాల్సినవి ఇన్ని రాశాను కాబట్టి మేము చేసేవి కూడా రాస్తాను. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా మా ఇంట్లో ఫోన్లు నాది, మా ఆయనది, వాడిది బీరువా మీద ఉంటాయి, పోయిన వారం నుంచి ఉంటున్నాయి. ఆ గంటలో వాడు 20 నిమిషాలు ఇంగ్లీష్ పైకి చదువుతాడు, నేను వింటాను, నాకు రాని మాట ఉంటే నేనే డిక్షనరీ చూస్తాను. టీచర్ గారికి రాత్రిపూట వాట్సాప్ పెట్టను, మా వీధి తల్లులకి కూడా చెప్పాను. వాడికి ర్యాంకు ఎంత అని అడగను. నెలకి ఒక వ్యాసం ఇంట్లో మామ్మకి తెలుగులో చెప్పి వినిపించి, ఆ తర్వాత ఇంగ్లీష్‌లో రాస్తాడు. మీరు నెలకోసారి తల్లిదండ్రుల్ని పిలిచి ఆ వ్యాసాలు చూపిస్తే, జీతం కోసుకున్నా సరే, ఆ పూట సెలవు పెట్టి వస్తాను.

వచ్చే శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. ఆ రోజు సంతకం లేని కాగితం తెస్తాను, మా వీధి నుంచి ఇంకో ఏడుగురు వస్తున్నారు. మీరు ఈ రూల్స్ మీద మాతో మాట్లాడితే, మార్చగలిగినవి మారిస్తే, అక్కడే మీ ముందే సంతకం పెడతాను. ఒక్క చిన్న కోరిక మిగిలింది. మార్కులు మార్చక్కర్లేదు, కానీ టీచర్ గారు ఒక్కసారి తీరిగ్గా ఆ హుద్ హుద్ వ్యాసం చదవాలి. వాడి ఇంగ్లీష్ రఫ్ నోట్స్‌లో ఉంది, 43వ పేజీ.

ఇట్లు,
తొమ్మిదో తరగతి బి సెక్షన్ విద్యార్థి తల్లి,
గోపాలపట్నం, విశాఖపట్నం